ఎనిమిదీ పదికి రాని మెసేజ్

పోయినేడు క్యాంపస్‌లోకి చిరుత వచ్చింది. శేషాచలం కొండల అంచున కట్టుకున్న విశ్వవిద్యాలయానికి చిరుత రావడం వింతేమీ కాదు. చిరుత వచ్చింది జాగ్రత్త అని పిల్లలకు మెసేజ్ పెట్టిన గుమస్తాను బదిలీ చేయడమే వింత. టీవీ వాళ్లు వచ్చారట, పరువు పోయిందట. ఆ మర్నాడే ఒక సర్క్యులర్ పుట్టింది: రిజిస్ట్రార్ గారి అనుమతి లేనిదే విద్యార్థులకు ఒక్క అక్షరం కూడా వెళ్లరాదు.

ఇప్పుడు ఆ కుర్చీలో పంకజాక్షి కూర్చుంటోంది. పౌరసంబంధాల ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా మార్చిలో పొడిగింపు. ఒక్క బటన్ నొక్కితే నాలుగు వేల ఫోన్లు ఒకేసారి మోగుతాయి. బటన్ ఆమె వేలి కింద ఉంది గానీ, వేలు మాత్రం రిజిస్ట్రార్ గారిది.

వానలు పట్టుకున్న మూడో రోజు ఉదయం, సరిగ్గా ఎనిమిదీ పదికి, లేడీస్ హాస్టల్ మెస్‌లో వంట చేసే తిరుమలమ్మ ఫోన్ చేసింది.

"మ్మా, కొళాయి నీళ్లు కంపు కొడతాండాయి. మురుగు పైపు పగిలి సంపులోకి దిగతాండాది, నా కండ్లతో సూసినాను. తెల్లారినప్పట్నించి ఆరుమంది పిల్లోళ్లకి వాంతులు. తాగొద్దని నీ మెసేజ్‌లో సెప్పు."

పంకజాక్షి వెంటనే టైపు చేసింది. 'హాస్టల్ కొళాయి నీళ్లు తాగకండి. మురుగు కలిసింది.' ఆరు మాటలు. చదవడానికి మూడు క్షణాలు కూడా పట్టవు.

అనుమతి కోసం రిజిస్ట్రార్ రామచంద్రకు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆయన కొండ మీద ఉన్నాడు. ఎవరో పెద్దమనిషి కుటుంబంతో దర్శనానికి వస్తే, తోడుండి దర్శనం చేయించి, లడ్డూలు చేతికిచ్చి, కారెక్కించి రావాలి. తిరుపతిలో అధికారి అన్నవాడి ఉద్యోగం సగం కింద, సగం పైన. గుడిలోకి ఫోన్ రానివ్వరు, ఎంతటివాడైనా కౌంటర్లో ఇచ్చి రసీదు తీసుకోవాల్సిందే. అలా నాలుగు వేల మంది పిల్లల క్షేమం ఆ పూట తిరుమలలో ఒక అరలో, నంబరు వేసిన సంచిలో ఉండిపోయింది.

డిప్యూటీ రిజిస్ట్రార్ మోహన్‌కృష్ణ దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఆ ఆరు మాటలూ చదివి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"మురుగు అనే మాట వద్దు మ్మా. పేపరోళ్లు పట్టుకుంటారు."

తీసేసి తెచ్చింది.

"తాగకండి అంటే మనమేదో విషం కలిపినట్టుండాది. కొంచెం మెత్తగా రాయి."

మళ్లీ వెనక్కి వచ్చి కూర్చుంది. అప్పుడే కిటికీ దగ్గరికి లోహిత వచ్చింది. తడ నుంచి వచ్చి ఎమ్మెస్సీ చదువుతున్న పిల్ల, బస్సు పాసు కాగితం మీద ముద్ర కోసం. చేతిలో హాస్టల్లో పట్టుకున్న నీళ్ల బాటిల్ ఉంది.

"అక్కా, నీళ్లు బాగలేవంటాండారు, నిజమేనా?"

పంకజాక్షి నాలుక చివర ఆరు మాటలూ ఉన్నాయి. నోట్లోంచి మాత్రం సర్క్యులర్ వచ్చింది. "మెసేజ్ వస్తాది మ్మా, సూసుకో."

లోహిత ఫోన్ చూసుకుంది. ఏమీ లేదు. "రాలేదే. అయితే ఏమీ లేదులే," అని నవ్వి వరండాలోకి నడిచి, బాటిల్ మూత తిప్పింది. పంకజాక్షి పిలుద్దామని లేచింది. అంతలో మోహన్‌కృష్ణ నుంచి ఫోన్. ఫోనెత్తింది. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా ఆమె తన చెంప తానే పగలగొట్టుకోవాలనుకుంటుంది.

తొమ్మిదిన్నరకు మెసేజ్ ఇలా తేలింది: 'అనివార్య సాంకేతిక కారణాల వల్ల నీటి సరఫరా నాణ్యతలో స్వల్ప మార్పు గమనించబడినది. విద్యార్థులు సహకరించగలరు.' దేనికి సహకరించాలో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అదైనా పంపమన్నాడా అంటే, అదీ లేదు.

"సార్ కొండ దిగనీ. నీకూ నాకూ ఎందుకొచ్చిన తంటా."

అటు తిరుమలమ్మ రెండుసార్లు ఫోన్ చేసి చూసింది. మూడోసారి చేయలేదు. ఒక పళ్లెం, ఒక గరిటె పట్టుకుని మూడంతస్తులూ ఎక్కింది. పళ్లెం మోగించుకుంటూ, "నీళ్లు తాగొద్దండి మ్మా, మురుగు కలిసిండాది," అని ప్రతి తలుపు దగ్గరా చెప్పింది. మోకాళ్ల నొప్పుల మనిషి. పదిగంటలకల్లా హాస్టలంతటికీ తెలిసింది. ఆమెకు సర్క్యులర్ చదవడం రాకపోవడం ఆ పిల్లల అదృష్టం.

రిజిస్ట్రార్ ఫోన్‌లో సరే అన్నాక, మెసేజ్ పదకొండూ ఇరవై ఐదుకు వెళ్లింది. అప్పటికే నలభైమంది పెద్దాసుపత్రిలో ఉన్నారు. అందరికంటే లోహితకు ఎక్కువైంది, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. తడలో లారీలు బాగుచేసే ఆమె నాయన శాంతయ్య ఆసుపత్రి మెట్ల మీంచే పోలీసు స్టేషనుకు వెళ్లి కేసు పెట్టాడు.

కేసనగానే యూనివర్సిటీకి రెక్కలొచ్చాయి. ఒక్క మెసేజ్‌కు మూడు గంటలు పట్టినవాళ్లు ఒక్క పూటలో మూడు పేజీల వాంగ్మూలం తయారుచేశారు. 'ఉదయం 8.10కి రిజిస్ట్రార్ గారు స్వయంగా ఫోన్‌లో ఇచ్చిన ఆదేశం మేరకు విద్యార్థులందరికీ హెచ్చరిక పంపబడినది. ఒకరిద్దరు దానిని పెడచెవిన పెట్టి నీరు సేవించిరి.' సిస్టమ్‌లో రికార్డు సాంకేతిక లోపంతో చెరిగిపోయిందట. కింద సంతకం పంకజాక్షిది కావాలి.

"పెట్టు మ్మా, మార్చి వస్తాండాది," అన్నాడు మోహన్‌కృష్ణ.

ఆ సాయంత్రం ఆమె ఆసుపత్రికి వెళ్లింది. లోహిత ముఖం వాచి ఉంది. మెల్లగా అడిగింది.

"అక్కా, మెసేజ్ వచ్చిందంట గదా. ఆఫీసోళ్లందరూ అదే అంటాండారు. నేనే సరిగ్గా సూసుకోలేదా?"

పంకజాక్షి దుప్పటి సరిచేసి బయటికి వచ్చేసింది. ఒంట్లోంచి నీళ్లన్నీ పోయిన పిల్ల, ఇప్పుడు తన కళ్లను తానే నమ్మడం మానేసింది. దొంగతనం చేసి, సొమ్ము పోగొట్టుకున్నవాడినే దొంగ అన్నట్టుంది ఈ వ్యవహారం. బస్టాండు దాకా పళ్లు కొరుకుతూనే నడిచింది.

విచారణకు వచ్చిన పెద్దాయన చిత్తూరు మనిషి, రిటైరైన జడ్జి. రామచంద్ర, మోహన్‌కృష్ణ చెరో పక్క కూర్చున్నారు. పంకజాక్షి సంతకం లేని వాంగ్మూలం బల్ల మీద పెట్టి, దాని మీద ఒక చిన్న చీటీ పెట్టింది.

"దర్శనాల ఫైలు కూడా మా ఆఫీసుదే సార్. సార్ కొండకు పోయొచ్చినప్పటి ప్రతి కాగితమూ అందులో కుట్టిపెడతాం. ఇది ఆ రోజు ఫోన్ అప్పజెప్పిన రసీదు. ఇచ్చింది ఆరూ యాభైకి, తీసుకున్నది పదకొండూ పద్దెనిమిదికి. మధ్యలో ఎనిమిదీ పదికి సార్ యాడ్నించి ఫోన్ చేసినారో మీరే అడగండి."

జడ్జి రసీదును అటూ ఇటూ తిప్పి చూశాడు. శనివారం శనివారం కొండెక్కే మనిషి, ఆయనకు విడమరిచి చెప్పక్కర్లేదు. రామచంద్ర నీళ్లు నమిలాడు.

"ఇంకోటి రాసుకోండి సార్," అంది పంకజాక్షి. "బటన్ నా ముందరే ఉండింది. భయపడి నొక్కలేదు. ఆ పిల్ల నన్ను అడిగి మరీ తాగింది."

ఆ మాట కింద సంతకం పెట్టింది.

బయటికి రాగానే మోహన్‌కృష్ణ, "రేపట్నించి రావద్దు," అన్నాడు. మార్చి దాకా కూడా ఆగలేదు. సంచి తీసుకోవడానికి ఆమె ఆఫీసుకు వెళ్లింది. కంప్యూటర్ తెరిచే ఉంది. ఉద్యోగం తీసేసినవాళ్లకు పాస్‌వర్డ్ తీసేయాలని ఇంకా ఎవరికీ తట్టలేదు.

నిలబడే టైపు చేసింది. 'ఆ రోజు ఎనిమిదీ పదికి మీకు ఏ మెసేజూ రాలేదు. మేం పంపలేదు. తప్పు మీది కాదు.'

ఎవరి అనుమతీ అడగలేదు. నొక్కింది. నాలుగు వేల ఫోన్లు మోగాయి, అందులో ఒకటి పెద్దాసుపత్రిలో లోహిత దిండు కింద మోగింది.