పైకి తేలిన చేపలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే మా ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌లో, నా చేపల తొట్టెల జోలికి ఎవరూ రారు. రెండు తొట్టెలు, ఒక్కోదాన్లో ఇరవై చారల చేపలు. ఒకదాన్లో దిగులు తగ్గించే మందు కలిపాను, రెండోదాన్లో ఉత్త నీళ్లు. బెదిరిన చేప అడుగున నక్కుతుంది. మందు పనిచేస్తే ధైర్యంగా పైకొస్తుంది. నా పరీక్షంతా ఇంతే.

ఆ మందే మా నాన్నకీ రాశారు. నాన్న పేరు దేవసహాయం, మామిడికుదురు దగ్గర చేపల చెరువుకి కాపలా ఉండేవాడు. పోయిన వేసవిలో ఒక తెల్లవారుజామున, ఆయన కళ్ల ముందే చెరువంతా చచ్చి తేలింది. అప్పట్నుంచి మాట లేదు, తిండి లేదు. అమలాపురం డాక్టరుగారు మాత్రలు రాశాక, పది రోజులుగా నవ్వుతున్నాడు! అయినా నాకు భయం తీరలేదు. ఈ చేపలు పైకొస్తే నాన్న గట్టెక్కినట్టేనని ప్రభువు దగ్గర పిచ్చి బేరం పెట్టుకున్నాను.

ఇవాళ పదింటికి చూద్దును కదా, మందు తొట్టెలో ఇరవై చేపలూ పైనే ఉన్నాయి. ఎగిరి గంతేశాను. అప్పుడే నాన్న నాకు క్యారేజీ పట్టుకొచ్చాడు.

“నాన్నా, చూడు! నీ మందే. ఎలా పైకొచ్చాయో!”

ఆయన వంగి చూశాడు. మొహం పాలిపోయింది.

“ఇయ్యి బాగుండి రాలేదు తల్లీ. ఆ నోళ్లు చూడు. గాలందక తేలేయి.”

నాకు ఒళ్లు మండింది. “అబ్బా, ఇది నీ చెరువు కాదు నాన్నా! ఫలితం చూడ్డానికి పదకొండింటికి సార్ వస్తారు. ఆర్నెల్ల కష్టం. నీ నోటితో అలాంటి మాటనకు.”

“అలాగేనమ్మా. ఆ గాలిగొట్టం ఓసారి చూడవా?”

చూశాను. గొట్టం బల్ల కాలి కింద నలిగిపోయి ఉంది. ఒక్క బుడగా లేదు. లాగి సరిచేశాను. కాసేపటికి చేపలు ఒక్కొక్కటే నోరు మూసుకుని కిందికి దిగాయి.

నాన్న వైపు తిరిగాను. మళ్లీ నవ్వుతున్నాడు. ఈ నవ్వు మాత్రం బాగుండి వచ్చిందేనా అనిపించింది.

“మాత్ర వేసుకున్నావా?”

“ఆయ్, వేసుకున్నానమ్మా.”

ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి లాగాను. నెల మొదట్లో నేను కొనిచ్చిన మాత్రల అట్ట. ఒక్క మాత్రా తీయలేదు.

“మరెందుకు నవ్వుతున్నావు?” అరిచేశాను.

“నువ్వు రోజూ నా మొహమే చూత్తన్నావని.”

“నవ్వకు నాన్నా. నా దగ్గర నవ్వకు.” ఏడుపొచ్చేసింది నాకు.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. నవ్వు పోయింది. ఆయన చెయ్యి పట్టుకునే డాక్టరుగారికి ఫోన్ చేశాను. వెంటనే తీసుకురమ్మన్నారు.

గుమ్మంలో సార్ ఎదురయ్యారు. “ఏమ్మా విజయకుమారీ, పనిచేసిందా మందు?”

“ఇంకా తెలీదండీ. మొదట్నుంచి మొదలెట్టాలండీ,” అన్నాను. నాన్న చెయ్యి మాత్రం వదల్లేదు.