కిర్రుమనని కుర్చీ

తొట్టిలో నానిన పేము పట్టీని పైకి తీసి, బొటనవేలితో నిమిరి, కుర్చీ చట్రానికున్న చిల్లులోకి దూర్చింది కుర్చీలమ్మ. వీధంతా ఆమెని పిలిచే పేరదే. ఎనిమిది కుర్చీల్లో ఇది ఆఖరుది. గోడల బదులు అద్దాలు పెట్టి, పైన చదునైన కప్పు వేసి, అరవై డెబ్బై ఏళ్ళ కిందట కట్టిన ఇల్లొకటి పాడుబడి ఉంటే, ఓ మేడమ్ కొని బాగు చేయిస్తోంది. ఆ ఇంటితోపాటు పుట్టిన కుర్చీలివి. సన్నటి టేకు కాళ్ళు, కాస్త వెనక్కి వాలిన వీపు. "పాత ఫొటోలో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి" అంది మేడమ్. ఉండక చస్తాయా! ఈ అల్లిక తెలిసిన చేతులు ఊళ్ళో ఇంకెవరికున్నాయి గనక?

అల్లిక ఒక ఎత్తు, పరీక్ష ఒక ఎత్తు. ఆరిన అల్లిక మీద మొదటిసారి మనిషి కూర్చుంటే ఒక్కసారి కిర్రుమనాలి. పట్టీలన్నీ సర్దుకుని, ఆపైన నోరు మూసుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ కూర్చునే పని మొగుడిది. మనిషి బస్తా, వీధిలో పేరూ బస్తాయే. టీ గ్లాసుతో వచ్చి ధబేల్న కూలబడేవాడు. "కూర్చుని సంపాదించేది ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే" అని ఇకిలించేవాడు. ఆమె తిట్టేది. తిడుతూనే ఆ చప్పుడు కోసం చెవి అటు పడేసేది. ఇంట్లో మాత్రం ఒక్క కుర్చీ లేదు, ఇద్దరిదీ చాపే. "మనకీ ఒకటి అల్లవే" అనేవాడు. "అల్లుదాంలే, ఈ పనవనీ" అనేది. ఆ పని ఎప్పుడయింది కనక!

ఆయనకి జబ్బు చేసి ఎనిమిది నెలలైంది. బస్తా పోయి ఉత్త గోనెసంచి మిగిలింది. ఏడు కుర్చీల మీదా ఆమె ఇసుక మూట పెట్టి చూసింది. అన్నీ కిర్రుమన్నాయి గానీ, ఎవరూ ఇకిలించలేదు.

సాయంత్రానికి ఎనిమిదోది ఆరింది.

"దీని మీద నేను కూర్చుంటా" అన్నాడు చాప మీంచి.

ఆమె కోరుకుంటున్నదీ అదే. ఆయన కింద ఆ చప్పుడు ఇంకొక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుపోతోంది. చంకల కింద చేతులు వేసి లేపితే పసిపిల్లాడిలా లేచి వచ్చాడు. మెల్లగా కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టింది.

చప్పుడు రాలేదు.

"వచ్చిందా?" అన్నాడు.

"రాకేం! వీధి చివరిదాకా వినబడింది. నీకే చెవుడు."

"మరేమనుకున్నావ్!" అంటూ మీసం మీద చెయ్యేశాడు. "టీ పెట్టు. తాగి లేస్తా."

అంతలో వ్యాను వచ్చింది. ఏడు కుర్చీలు ఎక్కించి, "అదో?" అన్నాడు డ్రైవరు.

"పరీక్ష అవుతోంది. రేపు రా" అంది.

టీ తెచ్చేసరికి ఆయన వెనక్కి వాలి ఉన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. గ్లాసు అందించబోతే చెయ్యి ఒళ్ళోంచి పక్కకి జారింది.

నెల తిరక్కుండా మేడమే వచ్చింది. గోడవారనున్న కుర్చీని చూసింది. దాని ముందు చాప మీద కూర్చున్న ఆమెనీ చూసింది.

"నాకు ఏడు చాలమ్మా. ఇది మీ దగ్గరే ఉండనివ్వండి" అంది.

కారు వెళ్ళాక కుర్చీలమ్మ లేచింది. జీవితంలో మొదటిసారి, తానల్లిన కుర్చీలో తాను కూర్చుంది. ఆమె మాత్రం ఎంత బరువని, గట్టి గాలొస్తే ఎగిరిపోయే మనిషి! అయినా కిర్రుమంది.

దిగ్గున లేచి నిలబడింది.

"ఇప్పుడా నీకు నోరొచ్చింది!" అని దాన్ని తిట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చేసింది.

గోడవారన ఆ కుర్చీ అలాగే ఉంది. పట్టీలన్నీ సర్దుకున్నాయి, ఇక ఎవరు కూర్చున్నా అది చప్పుడు చెయ్యదు.