భీమరాజు బూర మూతి

చింతపండు పులుసులో నానేసిన ఇత్తడి ముక్కని పెద్దింట్లమ్మ బూడిద పెట్టి తోముతుంటే, పక్కింటి లోవమ్మ గుమ్మంలోంచే కేకేసింది.

"ఒదినా, కాస్త చింతపండు పెడుదూ! మా ఆయన మూతి ఎంత తోమినా కిరసనాయిలు కంపు పోవట్లేదు."

"దానికి కిరసనాయిలు ఎక్కడిదే?"

"ఎక్కడిదేంటి? ఆయన పోయాక దీపంలో చమురు పోసుకోడానికి దాన్నేగా గరాటా చేసుకున్నాను. సరిగ్గా సరిపోయింది కూడాను. సాయంత్రం దొరబాబు నోట్లో పెట్టుకున్నాక ఎవడూ బీడీ ముట్టించకుండా చూడాలి. భగ్గుమంటాడు!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ ఊరి మగవాళ్ళు మామూలు రోజుల్లో సముద్రం మీదకి వేటకెళ్తారు, పెళ్ళిళ్ళ రోజులొస్తే ఎర్రకోట్లు తొడుక్కుని బ్యాండుకెళ్తారు. బ్యాండు పెట్టి ఈ రెండువేల రెండుకి యాభై ఏళ్ళు. బూరలు ఉమ్మడివి. ఊదేవాడు పోతే అతని బూర తర్వాతివాడి చేతికెళ్తుంది. పెదాలకి ఆనించుకునే చివరి ముక్క మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. ఒకరి పెదాలకి మరిగింది ఇంకొకరికి పలకదంటారు. మగవాళ్ళు దాన్ని మౌత్‌పీసు అంటారు. తోమిపెట్టే ఆడవాళ్ళకి మాత్రం అది మూతి.

పోయిన ట్రంపెట్ వాళ్ళు నలుగురు. ఆ నాలుగు మూతులూ తెప్పించి, ఒక్కోటీ బూరకి తగిలించి, ఎవరి బాణీ వాళ్ళకి ఊది దండం పెట్టుకోవాలని కమిటీవాళ్ళు తీర్మానించారు. తుఫాను షెల్టరు గోడకి బోర్డు కూడా కడుతున్నారు. పేరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఊదాడో.

ఆ 'దాకా' అన్న మాట విన్న దగ్గర్నుంచీ పెద్దింట్లమ్మకి అన్నం సయించడం లేదు.

"మీ ఆయనకేం ఒదినా," చింతపండు చెంగున కట్టుకుంటూ అంది లోవమ్మ. "పోయే రోజు కూడా బూర నోటి దగ్గరే ఉంది. మా ఆయన్ని చూడు, కాలూ చెయ్యీ పడిపోయి ఆరేళ్ళు మంచంలో. రాజాలా ఎళ్ళిపోయాడు మా అన్నయ్య."

పెద్దింట్లమ్మ తల వంచుకుని తోముతూనే ఉంది.

భీమరాజు ఊరేగింపు నుంచి వచ్చాడంటే, కోటైనా విప్పకముందే జేబులోంచి మూతి తీసి ఆమె చేతిలో పెట్టేవాడు. అది తడితడిగా, కిళ్ళీ ఎరుపు అంటుకుని ఉండేది. "ఛీ, ఎంగిలి" అంటూనే ఆమె కడిగేది. పెళ్ళైన కొత్తల్లో మొదలైన వాడుక అది.

తొంభై మూడులో, బూర ఆనుకునే చోటే అతని పై పళ్ళు రెండు ఊడిపోయాయి. ఆ తర్వాత వెళ్ళిన మొదటి పెళ్ళినుంచి మూతి పొడిగా వచ్చింది. తుడుచుకున్నాడేమో అనుకుంది. మళ్ళీ పొడిగానే వచ్చింది. మూడోసారి దాని గుంటలో రోడ్డు దుమ్ము పేరుకుని ఉంది. వాళ్ళ వీధిలోనే ఊరేగింపు వెళ్ళిన రోజు చెవొగ్గి వింది. రెండు బూరలు లేచాయి, ఒక్క గొంతే పలికింది. భీమరాజు బుగ్గలు పొంగుతున్నాయి, మెడ నరాలు తేలుతున్నాయి, పాటంతా పక్కన నడుస్తున్న శిష్యుడు దొరబాబు బూరలోంచి వస్తోంది.

ఆ రోజు అడిగేద్దామనుకుంది. అతను వచ్చి మూతి చేతిలో పెట్టి, "ఇవాళ బాగా పలికిందే!" అన్నాడు. అని, బళ్ళో లెక్క చూపించిన పిల్లాడిలా ఆమె మొహంలోకి చూశాడు. ఆమె పొడి మూతినే నీళ్ళలో వేసి కడిగింది. అలా మూడేళ్ళు కడిగింది.

తొంభై ఆరు వైశాఖంలో, మొగల్తూరులో మిట్టమధ్యాహ్నం ఊరేగింపు. మెడదాకా గుండీలు పెట్టిన కోటు. బూర పట్టుకునే కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు.

మూతి ఇంకా తోముతుండగానే, పది గంటలకి దొరబాబు వచ్చాడు. నలభై దాటినవాడు, ఇప్పుడు బ్యాండుకి పెద్ద అతనే. చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు.

"అత్తా, పెయింటరు కుంచె పట్టుకుని కూర్చున్నాడు. మావ పేరు పక్కన అరవై ఒకటి అని రాశాడు. రెండోది ఇంట్లోవాళ్ళని అడిగి రాయమన్నారు."

"నీకు తెలీదా?"

"తెలీకేం, తొంభై ఆరేగా," అన్నాడు నేల చూస్తూ.

"తొంభై మూడు కదరా."

అతను ఉలిక్కిపడి తలెత్తాడు. "ఎవరు చెప్పారత్తా నీకు?"

"ఒకళ్ళు చెప్పాలా? మూతి తోమేది నేను. మూడేళ్ళు పొడిదే తోమాను."

దొరబాబు అరుగు దిగి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నాచేత ఒట్టేయించుకున్నాడత్తా. 'మీ అత్తకి తెలిసిపోతే ఇంటికెళ్ళి దాని చేతిలో ఏం పెట్టన్రా' అనేవాడు. ప్రతి పెళ్ళికీ బయల్దేరేముందు అదే అడిగేవాడు, 'అత్తకి తెలీదు కదా?' అని. మొగల్తూర్లోనూ ఎండ మండిపోతోంది కూర్చో మావా, నే ఊదుకుంటాగా అన్నాను. 'కూర్చుంటే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే ఇంటికి తెలుస్తుంది' అన్నాడు."

పెద్దింట్లమ్మ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. ఆయన గుట్టు తను దాస్తున్నాననుకుంది. ఆయన దాచింది తననుంచే.

"నాకు తెలుసయ్యా అని ఒక్క మాట అనుంటే," అంది నెమ్మదిగా, "ఆ రోజు నీడన కూర్చునేవాడు కదరా."

దొరబాబు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏం రాయమంటావత్తా? నువ్వేదంటే అదే."

తొంభై మూడని రాయిస్తే నిజం రాసినట్టు. ఇప్పటికైనా ఆయన చేతిలోంచి బూర దింపినట్టు. కానీ ప్రాణం ఒడ్డి దాచుకున్నదాన్ని రేపట్నుంచి షెల్టరు గోడ మీద ఊరంతా చదువుకుంటారు. చెప్పాల్సిన రోజున చెప్పకుండా, ఇప్పుడు చెప్పి ఎవరిని కూర్చోబెట్టాలి?

మూతిని మంచినీళ్ళలో జాడించి అతని చేతిలో పెట్టింది.

"తొంభై ఆరే రాయించు. ఆఖరిదాకా వరసలో నడిచాడు కదా."

సాయంత్రం షెల్టరు ముందు జనం. లోవమ్మ మొగుడు బుల్లియ్య పేరు చదివినప్పుడు దొరబాబు మొహం చిట్లించి ఊదాడు. లోవమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది, అలాగే ఏడ్చేసింది.

నాలుగో పేరు భీమరాజు. దొరబాబు మూతి తగిలించి, పెళ్ళికొడుకు గుమ్మం దిగేటప్పుడు భీమరాజు ఎత్తుకునే బాణీ అందుకున్నాడు. పరాయి మూతి. మొదట బొంగురుపోయింది, తర్వాత పట్టుకుంది. చరణం మధ్యలో, అక్కర్లేని చోట, భీమరాజు ఒకసారి ఊపిరి తీసుకునేవాడు. పెద్దింట్లమ్మ ఆ చోటు కోసం కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. దొరబాబూ అక్కడే ఆగి ఊపిరి తీసుకున్నాడు.

మిగతా మూడూ పళ్ళెంలో పెట్టి పంపినవాడు, దీన్ని మాత్రం ఊడదీసి, తనే మెట్లు దిగి వచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"తుడిచివ్వరా వెధవా, ఎంగిలి!" అంది లోవమ్మ.

"ఉండనీవే," అంది పెద్దింట్లమ్మ.

దాన్ని కొంగు చివర ముడేసుకుని బొడ్లో దోపుకుంది. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ ముడి దగ్గర చీర తడిగా తగులుతూనే ఉంది.