ఓలీటా మతిమరుపు

నడుము కొలత ఎంతమ్మా అని వెండెల్ అడిగాడు, అడిగింది పట్టీ కోసమే, తుపాకీ చొక్కా కింద పెట్టుకుని తిరగాలంటే ముందు నడుము సంగతి తేలాలి, ఆ మాట డీనాకీ తెలుసు, అయినా యాభై నాలుగేళ్ళ ఆడదాన్ని కొట్లో నలుగురి మధ్య నిలబెట్టి అడగవలసిన ప్రశ్నేనా అది, ముప్ఫై నాలుగు అంది, ముప్ఫై ఎనిమిదని ప్యాంటు లోపలి చీటీ మీద అచ్చేసే ఉంది, ఆ చీటీ వీపుకి గుచ్చుకుంటూనే ఉంది, చూశావా ఎంత తేలిగ్గా జారిందో అబద్ధం, నోరు ఒకసారి రుచి మరిగాక దానికి నడుమైనా ఒకటే మనిషి బతుకైనా ఒకటే, వెండెల్ ఒక్క చూపు చూసి, మారు మాట్లాడకుండా ముప్ఫై ఎనిమిది పట్టీ తీసి గాజుబల్ల మీద పెట్టాడు, ఆ ఒక్క విషయంలోనే వాడికి మౌనం వచ్చు, మిగతావన్నీ పొద్దున్న వాడి చెవిన పడితే మధ్యాహ్నానికి ఊరు దాటి పక్క ఊరి పెట్రోలు బంకుకి చేరతాయి, అందుకే ఇక్కడికి రాకూడదనుకుంది, కానీ ఈ బ్రష్ క్రీక్‌లో తుపాకుల కొట్టు ఇదొక్కటే, మొగుడు రస్ చూస్తే సాయంత్రం ఇంట్లో ఉన్న తుపాకులన్నీ వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి శుభ్రం చేస్తానన్నాడు, నీది కూడా తెచ్చిపెట్టు అన్నాడు, నెలకో శనివారం ఆ మనిషికి అదో వ్రతం, ఆ తువ్వాలు మీద తన తుపాకీ చోటు ఖాళీగా ఉంటే ఏం చెబుతుంది.

పాతదేమైందమ్మా అన్నాడు వెండెల్, అమ్మాయికిచ్చానంది, అదుగో ఇంకోటి, అయితే నీకు ఇది చూడు అని అరచేతిలో ఇమిడిపోయేదొకటి తీశాడు, ఆడవాళ్ళంతా ఇదే అడుగుతున్నారు, జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే ఉండదు అన్నాడు, ఉన్నట్టే ఉండకపోవడమే కదా వెండెల్ నా కొంప ముంచింది అని అనలేదు, పట్టుకుంది, తేలిక, తేలికైనది పేలినప్పుడు చేతిని తంతుందని తుపాకీ క్లాసులో చెప్పారు, బరువైనది తన్నదు కాని చొక్కా కింద గడ్డ లేచినట్టు కనిపిస్తుంది, మొగుళ్ళ లాగే, రెండు సుఖాలూ ఒకదాంట్లో దొరకవు, ఇంకోదాని పైభాగం వెనక్కి లాగబోతే బొటనవేలి కీలు కలుక్కుమంది, ఊరగాయ సీసా మూత తీయడానికే రస్‌ని పిలిచే చెయ్యి అది, దొంగ వచ్చినప్పుడు కూడా ఒక్క నిమిషం బాబూ మా ఆయన్ని పిలుస్తానని చెప్పాలేమో, బెంచీ మీద కాఫీ తాగుతున్న ఇద్దరు ముసలాళ్ళలో హోబర్ట్ అన్నాయన నవ్వాడు, అమ్మాయ్, నీకు తుపాకీ ఎందుకే, ఆ మొక్కజొన్న వంటకం ఒక్కటి చూపించు చాలు దొంగ పారిపోతాడు అన్నాడు, రేపు తెస్తున్నావుగా మిస్ ఓలీటా వీడ్కోలు విందుకి అన్నాడు, తెస్తున్నా బాబాయ్ అంది, తేలు కుట్టిన దొంగకి దగ్గు కూడా రాదు.

మూడు ఆదివారాలయింది, ఆ రోజు చర్చికి తుపాకీ నడుముకి పెట్టుకునే వెళ్ళింది, అంతకుముందు చేతిసంచీలో ఉండేది, సంచీ ఎవడైనా లాక్కుపోతే తుపాకీ వాడిదేనమ్మా, ఒంటిమీద ఉంటేనే నీది అని క్లాసు చెప్పిన ఆవిడ అంది, నిజమే, కాని ఆడది మరుగుదొడ్డికి వెళ్ళి ప్యాంటు దించితే నడుమున ఉన్న తుపాకీ ఎటు పోవాలో ఆవిడ చెప్పలేదు, డీనా దాన్ని తీసి కాగితం చుట్ట ఉండే రేకు పెట్టె మీద పెట్టింది, ఒక్క నిమిషమే కదా అని, ఇంతలో పియానో మొదలైంది, తను పాటల జట్టులో రెండో వరుస, ఆలస్యమైతే పాస్టరుగారి భార్య కళ్ళతోనే వాతలు పెడుతుంది, చేతులు కడుక్కుని పరుగెత్తింది, చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కుంది, ప్రార్థన అయ్యాక హాల్లో అందరూ కాఫీ చుట్టూ మూగి ఉంటే ఆరేళ్ళ కెన్లీ, తన ఆదివారం బడి పిల్ల, తెల్ల మేజోళ్ళ పిల్ల, రెండు చేతుల్లో కానుకల పళ్ళెం పట్టుకున్నంత జాగ్రత్తగా దాన్ని పట్టుకుని వచ్చింది, ఎవరిదో పడిపోయింది అంటూ, గొట్టం ఒకసారి వాళ్ళ అమ్మ వైపు, ఒకసారి డోనట్ల వైపు, ఒకసారి తన గడ్డం వైపు తిరుగుతోంది, పాస్టరు బ్రదర్ ట్రాయ్ మోకాళ్ళ మీద కూర్చుని నాకివ్వు తల్లీ, బంగారు తల్లివి అని తీసుకుని, చక్రం తెరిచి అయిదు తూటాలూ కాఫీ కప్పులోకి వంపాడు, ఆ చప్పుడు, అయిదు చప్పుళ్ళు, అన్నం కలుపుతుంటే వినబడతాయి, స్నానం చేస్తుంటే వినబడతాయి, ఇది ఎవరిది అని ఆయన అడిగాడు, అయిదేళ్ళ కిందట చర్చి ఆడవాళ్ళ తుపాకీ క్లాసు అయిన మర్నాడు పదకొండుమందీ కలిసి వచ్చి ఇదే కొట్లో ఒకే రకానివి కొన్నారు, చీరల కొట్లో పెళ్ళివారిలా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పదకొండుమందీ సంచులూ నడుములూ తడుముకున్నారు, డీనా కూడా తడుముకుంది, చెయ్యి ఖాళీ పట్టీ మీద పడింది, తల ఆడించింది, నాది ఉంది అన్నట్టు, అంతే, ఒక్క మాట అనలేదు, ఎవరైనా అబద్ధమాడావా అని నిలదీస్తే లేదనే చెప్పవచ్చు, తల మాత్రం ఆడింది.

ఓలీటా సంచీలో లేదు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, సంచీ అడుగుదాకా వెతికి, చుట్టూ చూసి, నాది లేదర్రా అంది, ఇంట్లో మంచం పక్క సొరుగులో పెట్టి వచ్చాననే గుర్తు, మరి ఇది నాదే అంటారా అంది, అడగడమే ఆవిడ చేసిన పొరపాటు, వయసు మళ్ళిన మనిషి ప్రశ్న అడిగితే జనం దాన్ని ఒప్పుకోలుగా రాసుకుంటారు, అయ్యో మిస్ ఓలీటా, ప్రార్థనకి ముందు మీరు అటు వెళ్ళడం నేను చూశానుగా అని ఒకావిడ, పోయిన నెల కళ్ళజోడు కూడా మరిచిపోయారు పాపం అని ఇంకొకావిడ, అందరూ ఎంత ప్రేమగా అన్నారో, ఆ ప్రేమలో డీనా కూడా నిలబడి ఆవిడ వీపు నిమిరింది, నిమిరింది, ఈ చేత్తోనే, కారెక్కాక రస్, వాడు చర్చి కాపలా జట్టుకి పెద్ద, తలుపు దగ్గర నిలబడి కొత్తవాళ్ళ జేబులకేసి చూడడం వాడి సేవ, ముసలివాళ్ళ చేతికి తుపాకీలు ఇవ్వకూడదే అన్నాడు, అవునంది, అవును అనడానికి ఎంత సేపు పట్టింది, కారు ఇంకా మలుపు కూడా తిరగలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపింది ఓలీటా, డీనా రెండో తరగతి నుంచి అదే బస్సు, డ్రైవరు వెనక మూడో సీటు, చివరి పిల్ల దిగాక కూడా ఓలీటా లేచి చిట్టచివరి సీటు దాకా నడిచి, వంగి కింద కూడా చూసి వచ్చేది, ఏ పిల్లా నిద్రపోయి ఉండిపోకూడదని, రోజుకి రెండుసార్లు, ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఒక్క పిల్లనీ మరిచిపోలేదు, ఒక్క టోపీని కూడా, అలాంటి మనిషి దగ్గర కారు తాళాలు తీసేసుకున్నాడు కొడుకు లైల్, టుల్సా నుంచి వచ్చి, మంచివాడే, తల్లి మీద ప్రేమ ఉన్నవాడే, సోమవారం తీసుకెళ్ళి అక్కడ వృద్ధుల వసతిలో చేరుస్తాడు, ఇంటి ముందు అమ్మకం పలక కూడా నాటేశాడు, పోయిన బుధవారం డీనా చారు పట్టుకెళ్ళింది, పాపం చేసినవాళ్ళకి వంట మీద ఎక్కడలేని శ్రద్ధ వస్తుంది, వంటింటి నిండా చీటీలు, పొయ్యి ఆర్పాను తొమ్మిదీ పది, పొయ్యి చూశాను తొమ్మిదింపావు, వెనక తలుపు వేశాను, మందు వేసుకున్నాను, వేసుకున్నాను అన్న మాట కింద రెండు గీతలు, డీనా, తల్లీ, ఒకటి అడుగుతాను చెప్పు అంది, ఆ రోజు ప్రార్థనకి ముందు నేను నీ పక్కనే లేనూ, నువ్వు మీ అమ్మాయి కొత్త ఉద్యోగం సంగతి చెబుతుంటే వింటున్నట్టు గుర్తు, మరి నేను లోపలికి ఎప్పుడు వెళ్ళాను, నీకేమైనా గుర్తుందా, ఆ కళ్ళలో కోపం లేదు, అనుమానమూ లేదు, తప్పిపోయిన పిల్ల దారి అడుగుతున్నట్టు ఉన్నాయి, డీనా చారు గిన్నె మూత సర్దుతూ, నాకు సరిగ్గా గుర్తులేదు మిస్ ఓలీటా, వెళ్ళే ఉంటారు లెండి అంది, వెళ్ళే ఉంటారు లెండి, ఆవిడ తల పంకించి, అంతే అయి ఉంటుంది అని, పెన్సిలు తీసి, ఒక చీటీ మీద ఏదో రాసుకుంది, ఏం రాసిందో చూడకుండా వచ్చేసింది.

ఇవేవీ వద్దు వెండెల్, నాకు పాతదానిలాంటిదే కావాలి అంది, అచ్చం అదే, వెండెల్ నవ్వి, అది కంపెనీవాళ్ళు మానేసి రెండేళ్ళయింది కాని నీ అదృష్టం పండింది అమ్మాయ్, ఒకటి కాదు రెండున్నాయి అని వెనక నుంచి ఒక గుడ్డసంచీ తెచ్చాడు, లైల్ మొన్న అమ్మమని ఇచ్చిపోయాడు, వాళ్ళమ్మవి, చూడు విచిత్రం, చర్చిలో దొరికినదొకటి, ఇల్లు సర్దుతుంటే మంచం పక్క సొరుగులో ఇంకోటి, ఆవిడ రెండోది ఎక్కడ కొన్నదో ఎప్పుడు కొన్నదో ఆవిడకే తెలీదు, నాకు ఒకటే ఉందిరా అని కూర్చుందిట, ఆ మాట చెబుతూ లైల్ ఇక్కడే కళ్ళు తుడుచుకున్నాడు, ఆ సొరుగు చూశాకే వసతికి సంతకం పెట్టాడు, హోబర్ట్ చ్చొచ్చొ అన్నాడు, బుర్ర పోతే ఇంకేముందిరా అన్నాడు, రెండూ గాజు మీద పక్కపక్కన, ఒకదాని గొట్టం కొసన ఉన్న గురి ముల్లు మీద నారింజ రంగు చుక్క, గురి బాగా కనబడుతుందని కొన్న కొత్తలో అందరూ గోళ్ళరంగు పూసుకున్నప్పుడు డీనా కూతురి సీసాలోంచి పూసింది, ఓలీటా పూయనంది, నా కళ్ళు బాగానే ఉన్నాయర్రా అంది, ఒకదానికి పూసి రెండోదానికి మరిచిపోయినట్టుంది పాపం అన్నాడు వెండెల్, చూడు, సొరుగులో ఉందని ఆవిడ మొదటి నుంచీ చెబుతూనే ఉంది, సొరుగులోనే దొరికింది, నిజం నిజంగానే దొరికితే దాన్ని కూడా ఆవిడ మీదకే తిప్పారు.

కొనుక్కో. లోపల నుంచి ఒక గొంతు, చాలా తెలివైన గొంతు, వంటింట్లో దొరికిన జుట్టు పోగుని అతిథి చూడకముందే తీసేసే గొంతు, కొనుక్కో, నీది నీకే వస్తుంది, ఇవాళ సాయంత్రం రస్ తువ్వాలు మీద దాని చోట అది ఉంటుంది, రేపు మొక్కజొన్న వంటకం, ఎల్లుండికి ఆవిడ టుల్సాలో, అక్కడ భోజనం బాగుంటుందట, పాటలు పాడిస్తారట, దానివైపు చెయ్యి వెళ్ళింది, పట్టుకుంది, ఎంత హాయిగా కూర్చుందో అరచేతిలో, ఇందాకటి నుంచీ పట్టుకున్నవాటిలో ఒక్కటీ ఇలా కూర్చోలేదు, సిగ్గులేనిది, ఇంటికి వచ్చిన పిల్లిలా, కాదు, పోనీ ఇలా చేస్తే, దీన్ని ఇక్కడే వదిలి ఇప్పుడే తిన్నగా ఓలీటా ఇంటికి వెళ్ళి, తలుపు వేసి, చేతులు పట్టుకుని, మిస్ ఓలీటా అది నాది, మీ బుర్రకేం కాలేదు అని చెప్పేస్తే, ఆవిడ తిట్టదు, ఆవిడ సంగతి తెలుసు, పోనీలే తల్లీ చెప్పావుగా అంటుంది, మనసు తేలికవుతుంది, ఎవరికీ తెలియక్కర్లేదు, ఆ తర్వాత, ఆ తర్వాత లైల్ వస్తాడు, ఆవిడ లేచి నిలబడి, ఒరేయ్, అది డీనాదిట, డీనాయే వచ్చి చెప్పింది అంటుంది, వాడు తల్లి చెయ్యి నిమిరి, అవునమ్మా, డీనా వచ్చిందా, చారు తెచ్చిందా, ఏదీ కూర్చో అంటాడు, రాని మనిషి వచ్చిందని, అనని మాట అన్నదని చెబుతోందని వసతిలో డాక్టరుకి కూడా చెబుతాడు, డాక్టరు రాసుకుంటాడు.

డీనా దాన్ని తిరిగి గాజు మీద పెట్టేసింది. అంటే కారు తాళాలు కాదు తను తీసుకుంది, ఇల్లు కాదు, ఓలీటా నోట్లోంచి మాటకుండే విలువే తీసేసుకుంది, ఇక ఆవిడ చెవిలో ఎంత నిజం పోసినా అది ఆ నాలుగు గోడలు దాటదు, ఆవిడ మాట చెల్లదు, చెల్లకుండా చేసింది నలుగురూ, ఆ నలుగురి మధ్యా తల ఆడించింది తను, కనుక మెల్లగా చెప్పే నిజం ఇక పనికిరాదు, మాట చెల్లే మనుషుల ముందు, ఎవరి నోరు ఎవరూ మూయలేరో అలాంటి చోట చెప్పాలి, రస్ తలుపు దగ్గర ఇంక నిలబడలేకపోయినా సరే, కెన్లీ వాళ్ళమ్మ తన మొహాన ఉమ్మేసినా సరే, ఊళ్ళో అందుకు ఈ కొట్టుకన్నా తగిన చోటు ఇంకోటి లేదు, వెండెల్, అంది డీనా, హోబర్ట్ బాబాయ్ నువ్వూ విను, ఇది నాది, చర్చిలో ఆ రేకు పెట్టె మీద పెట్టి మరిచిపోయింది నేను, మిస్ ఓలీటా కాదు, అయిదేళ్ళ కిందటి అమ్మకాల పుస్తకం తీసి దీని మీదున్న నంబరు ఎవరి పేరుమీద ఉందో నువ్వే చూసుకో, చూసి లైల్‌కి ఫోన్ చెయ్యి, ఇప్పుడే, నా ముందే, నేనూ మాట్లాడతాను కాని ముందు నువ్వు చెప్పు, నువ్వు చెబితే నమ్ముతాడు.