శిలావతీదేశపు మున్నీవి

శిశిరాంతమునందలి ప్రభాతసమయమున మంచుతెరలు కొండచరియలనుండి మెల్లమెల్లగ జారి లోయలయందు మఱుగుపడుచుండ మోడువడిన టేకువనములు తొలియెండ సోకి రాగిరంగు దాల్చుచుండ శిలాసంఘాతఘట్టనోద్భూతఫేనపుంజధవళితయగు ఘర్ఘరీనది యొకరి మాట యొకరికి వినరానీయని మహాఘోషముతో బ్రవహించుచుండెను. ఆ నదికి దక్షిణతీరమున శిలావతి యను దేశము గలదు. పటమున వ్రేలు మోపిన నా దేశమంతయు వ్రేలిక్రిందనే దాగును.

శిలావతికి దక్షిణమున సకలసంపత్సమృద్ధములగు నైదురాజ్యము లేకమై పంచరాజ్యసంఘ మను పేర నొకే నాణెమును నొకే సైన్యమును సుంకములేని రహదారులును గలిగి వర్ధిల్లుచుండెను. శిలావతీజనుల కుప్పును నినుమును నా రహదారులవెంటనే రావలయును. వెలుపలివారగుటంజేసి యడుగడుగునను సుంకము చెల్లింపవలసివచ్చి యా జనులు పండుగనాడు సైతము చప్పిడికూడు దినుట కలవాటుపడిరి. సంఘమునం జేరుటయే దేశమునకు బ్రదుకుదెరువని నమ్మి పరరాజ్యవ్యవహారధురంధరుడగు కాచనామాత్యుడు తన యౌవనమును బ్రౌఢవయస్సును నా యత్నమునకే ధారవోసెను. భార్య కన్నుమూసిననాడును నతడు రాయబారమునందే యుండెను. ఏకపుత్రిక యగు నన్నెమ నుత్తరతీరమునందలి మందారదేశమున నొక గృహస్థున కిచ్చి పెండ్లిచేసిన పిదప నతని కింట మాటాడువారే లేరైరి.

ఆ దేశమున మున్నీవి యను నొక యాచారము గలదు. ఒరుల చుట్టఱికము గోరి యర్థింపబోవువాడు తానీయదలచినదానిని ముందుగ వారి వాకిట నర్పించి పిదపనే నోరు విప్పవలయును. పిల్ల నడుగ బోవువాడు మొదట నావును వారి పెరటిలో గట్టివైచి యటుపిమ్మట పిల్ల నడుగును. బేరమాడి యిచ్చుట వారికి దలవంపు. అట్లు పుచ్చుకొనినవాడు కాదనుట యా దేశమున నెన్నడును జరిగియుండలేదు. మఱియొకచోట జరుగునేమో యను తలంపే వారికి రాలేదు.

సంఘమువారు మిక్కిలి మర్యాదస్థులు. వారి నోట కాదను మాట వెడలుట యెవ్వరును వినియెఱుగరు. తమ కొలతలనే వాడుడని వారు సూచించిన మాత్రమున శిలావతీజనులు తాతలనాటి కఱ్ఱమానికల నన్నింటిని గుప్పవోసి తగులబెట్టిరి. కొండకోటలపై గావలి యేలయని యడిగిన మాత్రమున గావలి యెత్తివైచిరి. అట్టి ప్రతివేళను సంఘసభ కాచనామాత్యుని వేనోళ్ల బొగడి పట్టుశాలువ గప్పి పంపుచుండెను. శాలువలతో బెట్టె నిండినది గాని సంఘమున జోటు మాత్రము దొరకలేదు.

కడపట సంఘమువారు వెలుపలిదేశముతో రాకపోకలు మానవలయునని కోరిరి. వెలుపలిదేశ మనగా మందారమే. ఘర్ఘరికి వంతెన లేదు. నది కడ్డముగ గట్టిన పేముత్రాటిని బట్టి తెప్పను లాగుకొనుచు దాటుట తప్ప వేఱుదారి లేదు. ఏటేట వసంతమున నీతీరపు స్త్రీలు సగము త్రాటిని నాతీరపు స్త్రీలు సగము త్రాటిని బేని తెచ్చి నడియేట ముడివైచుకొందురు. అన్నెమ యిపుడు తొలిచూలాలై యాత్రాటివెంటనే పురిటికి బుట్టింటికి వచ్చెదనని వార్త బంపియుండెను.

కాచనామాత్యు డా రేయి నిద్రింపలేదు. సంఘమునం జేరినపిమ్మట నొక్కత్రాటికై యనుమతి వేడినచో నంతటి పెద్దలు కాదందురా యని తనకు దాన చెప్పుకొని తెల్లవాఱగనే గొడ్డలి పట్టి యేటియొడ్డునకు వచ్చెను. త్రాడు పేను స్త్రీలకు బెద్దయగు బొల్లెమ యచ్చట గూర్చుండి యుండెను.

“అయ్యవారూ, సంఘమువారు మనల జేర్చుకొనిరా?” యని యామె యడిగెను.

“చేర్చుకొందురు.”

“చేర్చుకొనినపిమ్మట గోయరాదా? మన చిన్నమ్మ పురిటికి వచ్చునెల గదా యిది.”

“బొల్లెమా, ఆవును మనయింటనే కట్టియుంచుకొని పరుల పిల్ల నడుగుదుమా?”

బొల్లెమ లేచి త్రోవ యిచ్చెను. ఆమెయు నా దేశపు మనిషియే. కాచనామాత్యుడు గొడ్డలి యెత్తి త్రాటిని నఱికెను. తెగినకొన నీటిపై నెగసి ప్రవాహమువెంట నావలియొడ్డునకు గొట్టుకొనిపోయెను. మందారజనులు కొంతసేపు నిలువబడి చూచి ముడి విప్పి తమ సగము త్రాటిని జుట్టచుట్టి భుజముల కెత్తుకొని మరలిపోయిరి. వారిలో నన్నెమ యున్నదో లేదో యతనికి దెలియలేదు.

అతడు సంఘసభ కేగి సర్వమును విన్నవించెను. సంఘాధ్యక్షుడగు శార్ఙ్గపాణి చిఱునవ్వుతో నిట్లనియె. “అమాత్యా, శిలావతి చూపిన శ్రద్ధ మా రాజ్యములయందే యరుదు. మేము గోరినవన్నియు నెఱవేఱినవి. ఇక దొందరయేమి? మీ చేరికను మహాసభయందు విచారింతము.”

“ఆ మహాసభ యెప్పుడు స్వామీ?”

“అందఱకు ననుకూలమైనపుడు.”

ఉప్పుసుంకమునైన దగ్గింపుమని వేడవలయునని కాచనామాత్యుడు నోరు దెఱచునంతలో బరిచారకుడు శాలువ విప్పెను. అతడు తల వంచి కప్పించుకొనెను. అడుగుటకు ముందే యంతయు నిచ్చివైచినవానియొద్ద నడుగుటకు బలము మిగులదని యపుడు గాని యతని కెఱుకపడలేదు.

తిరిగివచ్చినపుడు శిలావతీప్రభువగు వెంగభూపాలుడు సభను బంపివైచి యతని నేకాంతమున గూర్చుండబెట్టుకొనెను. “అమాత్యా, వేసవి నీరు దగ్గగనే బాణమునకు దారము గట్టి విడిచి మరల ద్రాడు వేయింతము. మందారులను నేనే క్షమ వేడెదను. నీ బిడ్డ యచ్చట నున్నది.”

కాచనామాత్యు డిట్లనియె. “వలదు దేవా. మానికలు కాలిపోయినవి. కావలి పోయినది. ఈ త్రాటినిగూడ మరల గట్టుకొంటిమేని యిన్నినా ళ్లిచ్చినదంతయు నేటిపాలగును. ఇచ్చి వెనుకకు దీసికొనినవారమను పేరు మనకేల?”

ఆ మాట పలుకునపు డతనికి సంఘముపై నమ్మకము లేదు. తన జీవితమంతయు వ్యర్థమైనదని యొప్పుకొనుటకు సిగ్గు మాత్ర ముండెను. ఆ సిగ్గునకే యతడు కూతును విడిచెను. రాజు దానిని దేశభక్తి యనుకొని కన్నీరు దుడుచుకొనెను.

వసంతము వచ్చెను. దక్షిణతీరపు స్త్రీ లలవాటుచొప్పున బేముచీలికలు దెచ్చి తమ సగము త్రాటిని బేనిరి. ముడివైచుటకు రెండవసగము లేకపోవుటచే బొల్లెమ దానిని జుట్టగజుట్టి యిసుకపై బెట్టెను. అంతలో నావలియొడ్డున నొక స్త్రీ వచ్చి నిలిచి చేతులలోని తెల్లనిమూటను బైకెత్తెను. నడక చూచి యన్నెమ యని కాచనామాత్యుడు గుర్తించెను.

“ఆడుబిడ్డయా? మగబిడ్డయా?” యని యతడు గొంతు చినుగునట్లు కేకవైచెను. ఘర్ఘరీఘోషమున నా కేక ప్రక్కన నిలిచిన బొల్లెమకే వినబడలేదు. అన్నెమయు నేదియో చెప్పెను. పెదవులు గదలుటగూడ నంతదూరమునకు గానరాదు.

పసిబిడ్డను జూడ బోవువాడు చేతికానుక ముందిచ్చి పిదప ముఖము చూడవలయుననుట యా దేశపు మున్నీవియే. కాచనామాత్యుడు తన భార్య యెన్నడో చేయించి దాచిన వెండికడియములను మొలనుండి దీసి నీట నడుగిడి మోకాలిలోతున నిలిచి యావలికి విసరెను. అవి నడియేటికైన జేరలేదు. అతడు కన్నులకు చేయి యడ్డముపెట్టుకొని బిడ్డ ముఖమునకై చూచుచు నిలువబడెను. కొండనీడ యేటిపై బడి యావలియొడ్డు కనుమఱుగయ్యెను. నది కానుకను బుచ్చుకొని యెప్పటివలెనే ప్రవహించెను.