శనివారం సీడీలు

ఎడ్విన్ అన్నయ్య ఉద్యోగం మానేసి వెళ్ళిన కొద్ది వారాలకే, ఆకివీడు చేపల వ్యాపారులు తమ బిల్లుల ప్రోగ్రాంలో ఒక మార్పు కావాలని ఫోన్ చేశారు. సోమవారంలోగా చేసి ఇవ్వకపోతే వేరేవాళ్ళ దగ్గరికి పోతామన్నారు.

ఎడ్విన్ నాకు సొంత అన్నయ్య కాదు. మా దెందులూరు చర్చిలో సంఘపెద్ద వరదానం గారి అబ్బాయి. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. కొల్లేటిలో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేశాక నాన్నకు చెరువుల మీద కాపలా పని పోయింది. నేను బీఎస్సీ కంప్యూటర్స్ పాసై ఖాళీగా కూర్చున్నాను. అప్పుడు ఏలూరులో తను పనిచేసే నిత్యానందం గారి ఆఫీసులో నన్ను పెట్టించింది అన్నయ్యే. ప్రోగ్రాం రాసేది తనొక్కడే. కస్టమర్ల ఫోన్లు, ఇన్‌స్టాల్ చేయడం, శనివారం బ్యాకప్ సీడీలు పరీక్షించి బీరువాలో పెట్టడం నా పనులు.

అది 2008. గిట్ అనే పేరు మా ఆఫీసులో మొదట పలికింది కూడా అన్నయ్యే. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ అది దాచి ఉంచుతుంది. పాతవన్నీ ఒత్తి ఒకే పెద్ద ఫైలుగా కడుతుంది. అది ప్యాక్. ఆ ప్యాక్‌లో ఏ ముక్క ఎక్కడుందో చెప్పే చిన్న ఫైలు ఇండెక్స్.

"అంత పెద్ద ప్యాక్ విప్పి చూడక్కర్లేదు పెర్సీ. ఇండెక్స్ చదువు. వరసలన్నీ వచ్చాయా, సరుకంతా ఉన్నట్టే" అని మొదటి శనివారమే నేర్పాడు. నేను ప్రతి శనివారం అలాగే చదివాను. "అంతా ఉందండి సార్" అని నిత్యానందం గారికి చెప్పి బీరువాకు తాళం వేశాను.

అన్నయ్య వెళ్ళే వారంలోనే ఆఫీసు కంప్యూటర్ హార్డ్ డిస్క్ చెడిపోయింది. సార్ కంగారుపడితే అన్నయ్యే ధైర్యం చెప్పాడు. "డిస్క్ పోతే ఏమైందండీ? సీడీలున్నాయి. మా పెర్సిస్ స్వయంగా చూసి పెట్టినవి."

ఆకివీడు వాళ్ళడిగిన మార్పు చేయాలంటే కోడ్ కావాలి గనుక, అన్నయ్య స్థానంలో కొత్తగా చేరిన ఆసిఫ్ ఆ సీడీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూశాడు.

"ఇండెక్స్ బ్రహ్మాండంగా ఉందండి. ప్యాకే, ప్యాక్ కాదు."

"అంటే?"

"సైజు సరిపోయేలా ఏదో సినిమా ముక్క కోసి, పేరు మార్చి పెట్టారండి. అన్నిట్లోనూ అంతే."

నాకు అర్థం కాలేదు. ఇండెక్స్ ఉందిగా, అందులోంచి తీయలేమా అని అడిగాను.

"ఇండెక్స్ పోతే ప్యాక్ నుంచి మళ్ళీ కట్టుకోవచ్చు. ప్యాక్ పోతే ఇండెక్స్‌లోంచి ఏమీ రాదండి. మీకు నేర్పినాయన ఈ మాట చెప్పలేదా?"

గట్లు కొట్టేశాక కూడా నాన్నకు చెరువుల పేర్లన్నీ వరసగా గుర్తున్నాయి. చేపలే లేవు. ఆసిఫ్ చెప్పింది నాకు అలా అర్థమైంది.

సార్ కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పుడేం చేద్దామమ్మా?" అన్నారు.

"నేను వెళ్ళి అడుగుతానండి. ఆయన దగ్గర కాపీ ఉండే ఉంటుంది. పొరపాటు జరిగుంటుంది. అన్నయ్య ఇస్తాడండి."

ప్యాక్ సరైనదో కాదో తేల్చే కమాండ్ ఆసిఫ్ చిన్న కాగితం మీద రాసిచ్చాడు. "అక్కడే కొట్టి చూసుకుని తీసుకోండి" అన్నాడు. అంత అవసరమా అనుకుంటూనే సంచిలో పెట్టుకున్నాను.

తాడేపల్లిగూడెం బస్టాండుకు దగ్గర్లోనే అన్నయ్య కొత్త షాపు. వెనక గదుల్లో కాపురం. గాజు తలుపు తోయగానే ఎదురుగా తెర మీద మా బిల్లుల ప్రోగ్రామే కనబడింది. పేరు మారింది. ఆకుపచ్చ రంగు పోయి నీలం వచ్చింది.

"రా పెర్సీ, రా! స్టెల్లా, ఎవరొచ్చారో చూడు! ఏంటలా చిక్కిపోయావు? మీ నిత్యానందం గారు అన్నం తిననిస్తున్నారా లేదా?"

"సీడీల్లో ప్యాక్‌లు లేవు అన్నయ్యా."

ఏ సీడీలని అడగలేదు.

"సినిమా ముక్కలున్నాయి" అన్నాను.

"ఏ సినిమానో చూశావా మరి?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "చూడమ్మా, ఆ కోడ్ నేను రాశాను. నా చేత్తో రాసింది నేను తెచ్చుకున్నాను. ఇందులో తప్పేముంది?"

"జీతం తీసుకుని రాశారు కదండీ. సరే, తెచ్చుకున్నారు. మరి అంతా ఉందని నా చేత ఎందుకు చెప్పించారు?"

"నువ్వంటే మీ సార్‌కు గురి. నేను చెబితే ఇంకొకరి చేత చూపించేవాడు."

చాలా మామూలుగా చెప్పాడు. బస్సులో వస్తూ పొరపాటు, తొందర, మతిమరుపు అని నేను కూడబెట్టుకున్నవేవీ ఇక పనికిరాలేదు.

"అంటే మొదటి శనివారం నాకు నేర్పినప్పుడే..."

"అవన్నీ ఇప్పుడెందుకే? నేను పెట్టించకపోతే నీకా ఉద్యోగం ఉండేదా? చేపల మేత సంచులు మోసుకుంటూ ఉండేదానివి."

"ప్యాక్ ఇవ్వండి అన్నయ్యా. అది లేకపోతే ఆఫీసు మూసేస్తారు. ఆయన ముందు నేను నిలబడలేను."

అన్నయ్య సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఏదో ఎక్కించి నా చేతిలో పెట్టాడు. "నీ ముఖం చూసి ఇస్తున్నా. సార్‌కి మాత్రం డిస్క్ దానంతటదే పోయిందని చెప్పు."

నిజంగానే చేతులు జోడించబోయాను. సంచి తెరిస్తే ఆసిఫ్ కాగితం తగిలింది.

"ఇక్కడే ఒకసారి పరీక్షించుకుంటానండి."

"నా మీద నమ్మకం లేదా?"

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు చచ్చినట్టు ఊరుకునేదాన్ని. ఇప్పుడు నేనే వెళ్ళి కీబోర్డు ముందు కూర్చున్నాను.

"కూర్చో, టీ చెప్పి వస్తా" అని అన్నయ్య బయటికి వెళ్ళాడు. బండి స్టార్టైన చప్పుడు వినబడింది. కాగితం చూసి కమాండ్ కొడితే, ప్యాక్ సగంలో తెగిపోయిందనీ, ఇండెక్స్‌తో కలవడం లేదనీ తెర మీద వచ్చింది. మళ్ళీ కొట్టాను. అదే వచ్చింది.

లోపలి నుంచి స్టెల్లా వదిన వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "మీ అన్నయ్య నల్లజర్ల వెళ్ళారమ్మా. రాత్రిగ్గాని రారు. భోజనం చేసి వెళ్ళు." తెర వైపు మాత్రం చూడలేదు.

"వద్దు వదినా" అని బయటికి వచ్చి, బస్టాండులో నిలబడి సార్‌కి ఫోన్ చేశాను. అన్నయ్య అన్నదీ, ఇచ్చిందీ ఉన్నదున్నట్టు చెప్పాను.

అంతా విని ఆయన మెల్లగా అడిగారు.

"ఇన్ని శనివారాలు చూశావు కదమ్మా. నీకసలు తెలియదా?"

"తెలియదండి."

"మీరిద్దరూ ఒకే చర్చివాళ్ళు కదమ్మా."

"అవునండి" అన్నాను. సోమవారం రమ్మంటారో వద్దంటారో అని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. ఏలూరు బస్సు వచ్చి ఆగింది. ఆయన ఫోన్ పెట్టేశారు.