తొట్టికి పడ్డ మందు

మూడో రోజు పొద్దున కూడా డ్రమ్ము లేవలేదు.

మొగిలయ్య గోబర్ గ్యాసు తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పేడ మురిగి గ్యాసు పుడితే ఇనప డ్రమ్ము పైకి తేలాలి. అది తొట్టిలోనే కూరుకుపోయి ఉంది. అవతల రెండెకరాల మిరప పూత మీదుంది. రెండు రోజుల్లో నీళ్లు పారకపోతే పూతంతా రాలిపోతుంది. బావి మీది ఇంజను నాలుగు పాళ్లు గ్యాసుతో, ఒక పాలు డీజిలుతో నడుస్తుంది. గ్యాసు లేకపోతే మొత్తం డీజిలే పొయ్యాలి. ఆ ఎనభయ్యో సంవత్సరం వర్ధన్నపేటలో డీజిలు దొరకాలంటే కొట్టు సేటు రామలింగం దయ తలచాలి.

రామలింగం!

సోమవారం వచ్చి ఇక్కడే నిలబడ్డాడు. "నాది భూమిల లచ్చల ఏండ్లు మాగిన నూనె. చలి లేదు, వాన లేదు, పొయ్యంగనే మండుతది. నీది నిన్నటి పేడ. చలి ముదరనీ, ముడుసుకోని పంటది" అని నవ్వాడు.

"నీ నూనె ఒడిస్తె ఒడిసినట్టే సేటూ. నా బర్లు రోజు పేడ వేస్తయి" అని మొగిలయ్య కూడా ఊరుకోలేదు.

మర్నాడే డ్రమ్ము పడుకుంది.

"గా సేటు సోమారం పోయేటప్పుడు తొట్టెనుక కూసున్నడయ్యా" అంది పూలమ్మ, మొగుడి చెవి దగ్గరికొచ్చి. "చేతిల డబ్బా. నన్ను జూసి దాసిండు."

పదింటికి వరంగల్ నుంచి గోబర్ గ్యాసు తొట్లు చూసే ఓవర్సీరు రాజేశ్వర్ రావు స్కూటరు మీద దిగాడు. పేడ కలిపే కుండీలో పుల్ల ముంచి వాసన చూశాడు. మొహం చిట్లించాడు. కొట్టం వైపు ఒక చూపు చూసి, "దీనికి మందు పడ్డదయ్యా" అన్నాడు.

మొగిలయ్యకు ఆ ఒక్క మాట చాలు. మందు! ఎవరో పెట్టిన మందు! ఓవర్సీరు వెనక నుంచి పిలుస్తున్నా ఆగకుండా సైకిలెక్కాడు.

"నా గ్యాసుకు ఏం మందు వెట్టినవ్ సేటూ?"

రామలింగం కాలరు మొగిలయ్య పిడికిట్లో ఉంది. కొట్టు ముందున్న వాళ్లంతా మూగారు.

"మందా? నేను తీస్కపోయిన గాని పెట్టలే!"

"ఏం తీస్కపోయినవ్?"

రామలింగం తల దించుకున్నాడు. "గ్యాసు పోయినంక తొట్ల నుంచి బయటికొస్తది జూడు, ఆ పలుచటి ఎరువు. మా ఇంట్ల నిమ్మచెట్టు కాస్తలేదని ఒక్క డబ్బెడు... అడిగితె నువ్వు ఊరంత జెప్పి నవ్వుతవని!"

స్కూటరు వచ్చి ఆగింది. "నేను జెప్పింది పురుగుమందయ్యా!" రాజేశ్వర్ రావు రొప్పుతున్నాడు. "ఆదివారం మిరపకు కొట్టి స్ప్రేయరు ఎక్కడ కడిగినవ్?"

మొగిలయ్య పిడికిలి సడలింది. కొట్టంలోనే కడిగాడు. ఆ నీళ్లు కాలువ వెంట నేరుగా కుండీలోకే పోతాయి.

"గ్యాసు చేసేది పేడల ఉండే కంటికి కనవడని పురుగులే. నీ మందుకు మిరప పురుగేదో పేడ పురుగేదో ఏమెరుక? తొట్టి ఖాళీ చేసి కొత్త పేడ పోస్తె, ఈ చలికి మళ్ల నెల."

నెల! మిరపకున్నది రెండు రోజులు.

మొగిలయ్య నలిగిన ఆ కాలరును మెల్లగా సవరించాడు. "సేటూ... జర డీజిలు..."

 రామలింగం బల్ల కింది నుంచి డబ్బా తీసి ముందుకు తోశాడు. అడుగున ఎండిన పేడ మరక ఇంకా ఉంది.

"దీంట్లనే పోస్త. గా బోరింగు కాడ కడుక్కరా పో" అన్నాడు. "మీ కొట్టంల కడిగేవు!"